పాలీహౌస్‌లో తీగ పాకించే సామగ్రి: దారం, రోలర్ హుక్కులు, క్లిప్పులు నల్లగొండ ఎండలకు ఎంతవరకు నిలిచాయి

పాలీహౌస్, అంటే ప్లాస్టిక్ షీటు కప్పిన సాగు షెడ్డు, కట్టించుకున్న రైతు పైకప్పుకు, డ్రిప్పుకు, బెడ్ల మట్టికి పెట్టవలసినదంతా పెట్టిన తర్వాత చివరగా మిగిలేది మొక్కను పైకి పాకించే సామగ్రి ఖర్చు. మొత్తం పెట్టుబడిలో అది చిన్న వాటాయే అయినా, నాటిన వారం నుంచి పంట పీకేసే దాకా రోజూ చేతుల్లో మెదిలేది అదే. నల్లగొండ జిల్లా చిట్యాల దగ్గరి మా అర ఎకరం పాలీహౌస్‌కు ఈ సామగ్రిని హైదరాబాద్‌లోని ఒక దుకాణం నుంచి సెట్టుగా తెప్పించి, మొదట కీర పంటకు, ఆ తర్వాత క్యాప్సికంకు వాడి చూశాము. సెట్టులో వరుసల మీద లాగే జీఐ తీగ (జింకు పూత పూసిన ఇనుప తీగ), దాన్ని బిగించడానికి టర్న్‌బకిళ్లు, ఎండకు తట్టుకుంటుందని చెప్పిన ప్లాస్టిక్ దారం, దారం చుట్టిన రోలర్ హుక్కులు, కాండాన్ని దారానికి పట్టి ఉంచే క్లిప్పులు వచ్చాయి. బిగింపు పని, కూలీలకు ఒక పూట శిక్షణ కూడా ధరలోనే కలిపారు. ఇదే సరుకు రకరకాల పేర్లతో చాలాచోట్ల దొరుకుతుంది గనుక దుకాణం పేరు చెప్పవలసిన అవసరం లేదు.

తీర్పు ముందే చెబుతాను. కీర వేసేవారు హుక్కులు, దారం నిస్సందేహంగా కొనవచ్చు. క్లిప్పుల విషయంలో, ముఖ్యంగా ఎండాకాలం మీదకు పంట సాగదీసేవారు, చేయి కాస్త వెనక్కి తీసుకోవాలి. శిక్షణ నామమాత్రంగా జరిగింది. ఇక కరపత్రంలో పెద్ద అక్షరాలతో వేసిన “దిగుబడి రెట్టింపు” అన్న మాటను నమ్మి ఎవరూ అప్పు చేయకూడదు.

ఆ మాట ఎందుకు నిలవదో తెలియాలంటే మొక్కను మలచడం వల్ల జరిగేదేమిటో కొంచెం చూడాలి. మొక్క తలలోని లేత మొగ్గ ఆక్సిన్ అనే హార్మోనును కిందికి పంపుతూ పక్క మొగ్గలను అణిచి ఉంచుతుంది. పాఠ్యపుస్తకాల్లో దీన్నే అగ్రాధిక్యత అంటారు. తల తుంచితే ఆ అదుపు తప్పి పక్క కొమ్మలు లేస్తాయి. పాలమూరు కంది చేలల్లో పూతకు ముందు తలలు తుంచడం, బంతి, చేమంతి తోటల్లో నాటిన నెల రోజులకు కొసలు గిల్లడం ఈ సూత్రం మీద నడిచే పనులే. అయితే పాలీహౌస్ కీరలో మనం చేసేది దీనికి సరిగ్గా ఎదురు: తలను కాపాడి, పక్క కొమ్మలను పుట్టిన వెంటనే తీసేసి, ఒకే కాండాన్ని పైకి పంపుతాము. క్యాప్సికంలో మూడో దారి, అంటే మొక్క తనంతట తాను చీలిన చోట రెండు లేదా నాలుగు కొమ్మలను ఎంచుకుని, మిగిలినవి తీసేసి, ఆధిక్యతను వాటి మధ్య పంచుతాము. కాబట్టి ఒకే సెట్టు అన్ని పంటలకూ ఒకే మేలు చేస్తుందని అమ్మేవాడు చెబితే, అతనికి సరుకు తెలుసునేమో గాని పంట తెలియదనుకోవాలి.

ఇక్కడొక పక్కమాట. మొక్కను వంచి కట్టడం, వల పరచి కొమ్మలను అడ్డంగా పాకించడం గురించి ఇంటర్నెట్‌లో వెతికితే కనిపించే ఇంగ్లీషు వీడియోలు చాలావరకు గదిలో దీపాల కింద పెంచే గంజాయి మొక్కల మీద తీసినవి. కెనడాలో 2018 నుంచి అది చట్టబద్ధం కావడంతో అక్కడ దాని చుట్టూ ఒక సామగ్రి వ్యాపారమే పెరిగింది. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) 20వ సెక్షన్ కింద గంజాయి మొక్కను పెంచడం నేరం; పదేళ్ల దాకా కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఆ సంగతి అలా ఉంచినా, ఆ వీడియోల్లో చెప్పే దిగుబడి లెక్కలు మన కూరగాయలకు అతకవు. నెత్తి మీద కదలకుండా వేలాడే దీపానికి మొక్కనంతా ఒకే ఎత్తులో పరిస్తే లాభం ఉంటుంది. మన పాలీహౌస్‌లో వెలుగు సూర్యుడితో పాటు తిరుగుతుంది, పక్కల నుంచి కూడా వస్తుంది, పైగా మొక్క మోయవలసినది పూవును కాదు, నీటితో నిండిన కాయను. మా సెట్టు కరపత్రంలోని కొన్ని బొమ్మలు కూడా ఆ వీడియోల నుంచి ఎత్తినట్టే కనిపించాయి.

మొదట పై తీగ గురించి. పన్నెండు గేజీ జీఐ తీగ ఇచ్చారు, తుప్పు విషయంలో వంక పెట్టేదేమీ లేదు. బిగింపు బృందం మాత్రం తీగను నేరుగా పాలీహౌస్ గొట్టాలకు కట్టి వెళ్లిపోబోయింది. ఇది చాలాచోట్ల జరిగే పని గనుక కొంచెం లెక్క వేసి చెప్పాలి. అర ఎకరంలో సుమారు 5000 మొక్కలు పడతాయి. ఒక్కో మొక్క ఆకులు, కాయలతో కలిపి 3 కిలోలు తూగినా మొత్తం బరువు 15 టన్నులు. ముప్పై మీటర్ల వరుసలో 45 సెంటీమీటర్లకు ఒక మొక్క చొప్పున లెక్కిస్తే ఒక్క తీగ మీదే 200 కిలోలు వేలాడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన వైపు వచ్చే ఈదురుగాలి వానకు పైకప్పు పొంగి లాగుతున్న సమయంలో ఈ బరువు కూడా అవే గొట్టాలను కిందికి లాగితే ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. పాలీహౌస్ కట్టించేటప్పుడే పంట బరువును కలుపుకుని నిర్మాణం వేయించుకున్నవారికి ఇబ్బంది లేదు. లేనివారు వరుస చివర్లలో విడిగా స్తంభాలు పాతించుకుని, మధ్యలో ఆసరాలు పెట్టించుకోవాలి. మేము పట్టుబట్టి స్తంభాలు వేయించాము. దానికి అయిన అదనపు ఖర్చును దుకాణం భరించలేదు, ముందు ఇచ్చిన కొటేషన్‌లో దాని ఊసే లేదు. తీగ జారినప్పుడల్లా టర్న్‌బకిల్‌ను రెండు చుట్లు తిప్పి బిగించుకునే వీలు మాత్రం బాగుంది. కాయ బరువు పెరిగే కొద్దీ ఆ అవసరం తప్పకుండా వస్తుంది.

దారం విషయంలో నాకు ఫిర్యాదు లేదు. తెల్లటి పాలీప్రొపిలీన్ దారం, చేతికి గరుకుగా తగులుతుంది. ఆ గరుకుదనమే కాండం జారకుండా పట్టు ఇస్తుంది. నునుపుగా మెరిసే చవక దారం మీద కీర కాండం కాయ బరువుకు మెల్లగా కిందికి దిగిపోవడం ఇరుగుపొరుగు పాలీహౌస్‌లలో చూశాను. ఎండకు దారం పొడిబారి చిట్లుతుందేమోనని పంట అయిపోయాక కొన్ని ముక్కలు లాగి చూశాము, పటుత్వం తగ్గినా తెగలేదు. మొక్క మొదట్లో దారాన్ని కట్టే తీరు గురించి మాత్రం కొత్తవారికి ఎవరూ చెప్పరు. అక్కడ వేయవలసింది జారే ముడి కాదు, వేలు దూరేంత వదులుగా ఉండే స్థిరమైన ఉచ్చు. జారే ముడి వేస్తే, కాండం లావయ్యే కొద్దీ అది బిగుసుకుని, సరిగ్గా కాయ దిగే సమయానికి మొక్కను గొంతు నొక్కేస్తుంది. ఆకులు వాడిపోతున్నాయని వేరుకుళ్లు మందులు పోసేవారు ముందుగా ఆ ముడిని చూసుకోవడం మంచిది. ఇక తలను దారం చుట్టూ తిప్పేటప్పుడు అన్ని మొక్కలనూ ఒకే దిశలో తిప్పాలి. ఒకరు కుడికి, ఇంకొకరు ఎడమకు తిప్పితే తర్వాతి వారం వచ్చే మనిషి దాన్ని విప్పి మళ్లీ చుట్టబోయి తల విరుస్తారు. తల విరిగిన కీర మొక్క మళ్లీ పక్క కొమ్మ మీద కోలుకునేసరికి కోతలో వెనకబడిపోతుంది.

సెట్టులో నిజంగా డబ్బు విలువ చేసిన వస్తువు రోలర్ హుక్కు. చూడటానికి వంకీ తిరిగిన ఇనుప కడ్డీకి దారపు కండె తగిలించినట్టు ఉంటుంది. పై తీగకు వంకీ తగిలిస్తే కండె నుంచి దారం మొక్క దాకా దిగుతుంది. కీర తీగ మంచి పోషణలో ఉన్నప్పుడు కొద్ది వారాల్లోనే పై తీగను తాకుతుంది. అప్పుడు రైతు ముందు రెండు దారులుంటాయి. ఒకటి, తలను తీగ మీదుగా వంచి తుంచేసి, పైనుంచి పుట్టిన రెండు పక్క కొమ్మలను గొడుగు అంచుల్లా కిందికి వేలాడదీయడం. రెండోది, కాండాన్నే కిందికి దించుకుంటూ తలను ఎప్పుడూ చేతికందే ఎత్తులో ఉంచడం. మొదటి దానికి హుక్కు అవసరం లేదు, మామూలు దారం చాలు. కానీ కింది కొమ్మల్లో కాయలు ఆకుల చాటుకు పోతాయి, కొన్ని కోతకు దొరకకుండా ముదిరిపోతాయి, మందు ఆకు అడుగుకు చేరదు. రెండో దానికి హుక్కు లేకపోతే పని కాదు.

దించే పని ఎలా ఉంటుందంటే, మనిషి చిన్న నిచ్చెన మీదో, పీట మీదో నిలబడి, ఒక చేత్తో కాండాన్ని పట్టుకుని, ఇంకో చేత్తో హుక్కును పైకెత్తి, కండెను ఒకటి రెండు చుట్లు తిప్పి దారం వదిలి, హుక్కును వరుస వెంట ఒక జానెడు పక్కకు జరిపి మళ్లీ తగిలిస్తారు. కింద ఆకులు తీసేసిన వట్టి కాండం బెడ్ పక్కన మెలిక తిరిగి పడుకుంటుంది. మొత్తం వరుస ఒకే దిక్కుకు జరుగుతుంది, చివరి మొక్కలు మలుపు తిరిగి పక్క వరుసలోకి వస్తాయి. ఒక్కసారికి మోచేతి పొడవుకు మించి దించకూడదు. ఎక్కువ దించితే ఆకులు ఒకదానిమీదొకటి పడి వెలుగు పోతుంది. దించే ముందే కింది వరుస ఆకులు రెండు మూడు తీసేయాలి, లేకపోతే అవి మట్టికి తగిలి బూజు పడతాయి. మొక్క మీద పదిహేను పైచిలుకు మంచి ఆకులు ఎప్పుడూ ఉండాలి. వేళ కూడా ముఖ్యమే. తెల్లవారుజామున కాండం నీటితో బిర్రుగా ఉండి టప్పున విరుగుతుంది, మధ్యాహ్నం దాటాక కాస్త మెత్తబడి వంగుతుంది. పక్క కొమ్మలు తీసే పని మాత్రం ఉదయమే చేయించాలి, గాయం సాయంత్రానికి ఆరిపోతుంది. అంటే ఒకే కూలీ మందికి పొద్దున ఒక పని, మాపటికి ఇంకో పని. మా ఊళ్లో కూలీ మధ్యాహ్నం రెండింటికి దిగిపోతుంది గనుక దీనికోసం వేళలు మార్చి మాట్లాడుకోవలసి వచ్చింది.

ఒక్కో హుక్కు దారంతో కలిపి పది, పన్నెండు రూపాయల మధ్య పడింది. అర ఎకరానికి అరవై వేలకు దగ్గరగా తేలుతుంది. మొదటి చూపుకు ఇది ఎక్కువే అనిపిస్తుంది, కానీ ఇనుప కడ్డీ పంట తర్వాత పంటకు పనికొస్తుంది, మార్చవలసింది దారమే. మా హుక్కుల్లో కొన్నింటికి కండె వదులుగా ఉండి, కాయ బరువుకు దానంతటదే తిరిగి మొక్కను కూలబడేసింది. అలాంటివి వెనక్కి తీసుకోవడానికి దుకాణం ఒప్పుకోలేదు. కొనేవారు సంచి విప్పగానే ఒక్కో హుక్కును తలుపు గడియకో, గొట్టానికో తగిలించి, దారాన్ని గట్టిగా లాగి చూసి, తిరిగేవాటిని వేరు చేసి అప్పుడే చెప్పాలి. మొక్కకు కట్టాక చెబితే వినేవాడుండడు.

క్లిప్పుల సంగతి వేరు. చలికాలంలో అవి ముద్దుగానే పనిచేశాయి. మూత తెరిచి, కాండం చుట్టూ వేసి, దారాన్ని కీలు సందులో ఇరికించి నొక్కితే టిక్కుమని పడుతుంది. దారం చుట్టే పనిలో సగం తగ్గుతుంది, తల విరిగే భయం కూడా తక్కువ. క్లిప్పు ఎప్పుడూ బలమైన ఆకు తొడిమకు సరిగ్గా కింద పడాలి, అప్పుడు బరువు తొడిమ మీద ఆనుతుంది. కాయ తొడిమ కింద పెడితే కాయకు గాటు పడుతుంది. ఇదంతా సక్రమంగా చేసినా ఎండలు ముదిరాక ఆ ప్లాస్టిక్ పెళుసెక్కింది. నల్లగొండలో ఏప్రిల్, మే నెలల్లో 44, 45 డిగ్రీలు కొత్త కాదు, పాలీహౌస్ లోపల పై తీగ ఎత్తులో వేడి అంతకంటే ఎక్కువే ఉంటుంది. దించేటప్పుడు క్లిప్పు తీసి పైన పెట్టబోతే కీలు దగ్గర పుటుక్కున తెగిపోవడం మొదలైంది. తెగిన ముక్క బెడ్ మీద పడుతుంది, తెల్లటి ముక్క తెల్లటి మల్చింగ్ మీద కనబడదు, చివరికి మట్టిలో కలుస్తుంది. కీరలో ఒక్కో మొక్కకు పంటకాలంలో ఎనిమిదైనా వాడవలసి వస్తుంది గనుక అర ఎకరానికి నలభై వేలు. ఒక్కోటి రూపాయి లోపే అయినా మొత్తం ముప్పై వేలు దాటుతుంది. మళ్లీ వాడుకోవచ్చని చెప్పి అమ్మిన వస్తువు ఒక్క ఎండాకాలం కూడా దాటకపోతే ఆ డబ్బును సరుకు మీద పెట్టినట్టు కాదు. దుకాణానికి ఫోన్ చేస్తే ఎండ ఎక్కువగా ఉన్నచోట అలాగే ఉంటుందన్నారు. ఎండ ఎక్కువగా ఉన్నచోటికే కదా అమ్మింది. ఇప్పుడు మేము క్లిప్పులను మొక్క చిన్నదిగా ఉన్నప్పుడు అడుగున రెండు, ఆ పైన కాయ బరువు పడే చోట ఒకటి పెట్టి, మిగతాదంతా దారం చుట్టడంతో నెట్టుకొస్తున్నాము. దానివల్ల కూలీ పెరిగింది, అయినా లెక్కకు అదే చవక.

శిక్షణ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. వచ్చిన కుర్రవాడు క్లిప్పు ఎలా పెట్టాలో చూపించి, ఫోన్‌లో రెండు వీడియోలు వేసి, భోజనం వేళకు వెళ్లిపోయాడు. కాయలు పడ్డాక రెండోసారి వస్తామన్నారు, రాలేదు. ఏ కొమ్మను ఉంచాలి, దేన్ని తీయాలి అన్న అసలు పాఠం మిగిలిపోయింది. దాని బరువు ఎంతో మొదటి వారంలోనే తెలిసింది. కీరలో నేల నుంచి మోకాలి ఎత్తు దాకా వచ్చిన పక్క కొమ్మలనే కాదు, పూలను, పిందెలను కూడా తీసేయాలి. మొక్క ముందు వేరు, కాండం పట్టుకోవాలి. పనికి వచ్చిన ఒక పెద్దామె చేతిలో వేలెడు పిందె పట్టుకుని నన్ను అడిగింది: “సారూ, గింత మంచి పిందెను తెంపమంటవు, రేపు కాయలు ఏడికెళ్లి వస్తయి?” అడిగినదాంట్లో తప్పేమీ లేదు. జీవితమంతా ఒక్క పిందె రాలినా అయ్యో అనుకున్న మనిషికి పిందెలు తెంపమని చెప్పాలంటే కారణం చెప్పి, ఒక వరుసను తెంపకుండా వదిలి చూపించాలి. మేము అలాగే వదిలాము. ఆ వరుసలో మొదటి కోత ముందు వచ్చింది, ఆ తర్వాత మొక్క కుంగిపోయి, వంకర కాయలు మొదలయ్యాయి. “గీ వరుస ముందుగాల తిన్నది, గిప్పుడు ఉపాసముంటున్నది అమ్మా” అని చెబితే ఆమె నవ్వి, తర్వాతి వరుసల్లో ఎవరైనా పిందె వదిలితే తానే గద్దించడం మొదలుపెట్టింది. ఈ పాఠాన్ని సెట్టు ధరలో కలిపామని చెప్పుకున్నవారు చెప్పవలసింది.

శిక్షణలో అసలు ప్రస్తావనకే రాని ఇంకో విషయం చేతుల శుభ్రత. కొమ్మలు తీసే చేయి రోజుకు వేల గాయాలను తాకుతుంది. టొబాకో మొజాయిక్ వంటి వైరసులు క్యాప్సికం, టమాటా మొక్కల్లోకి ఈ గాయాల ద్వారానే, చేతులతోనూ కత్తెరలతోనూ పాకుతాయి. బీడీ, తంబాకు పట్టుకున్న చేయి కడుక్కోకుండా మొక్కను తాకితే పొగాకులోని వైరస్ మొక్కకు అంటవచ్చు. కీరలోనూ ఇలా చేతులతో పాకే మొజాయిక్ వైరస్ ఒకటుంది. వరుస చివర సబ్బు, నీళ్లు పెట్టాలి. కత్తెర వాడితే మొక్కకూ మొక్కకూ మధ్య వెన్న తీసిన పాలలోనో, బ్లీచింగ్ ద్రావణంలోనో ముంచాలి. ముడుతలు, పసుపుపచ్చ మచ్చలు కనిపించిన మొక్కలను ఆ రోజు పని చివరన మాత్రమే ముట్టుకోవాలి. సామగ్రి అమ్మేవారి జాబితాలో కత్తెర ఉంది, ఇది లేదు.

క్యాప్సికంకు వచ్చేసరికి ఈ సెట్టులో సగం అక్కరలేదు. క్యాప్సికం మొక్క కీరలా పరుగెత్తదు, పంటకాలమంతా ఎత్తు మెల్లగా పెరుగుతుంది, కాబట్టి దించే పని ఉండదు, రోలర్ హుక్కు వృథా. కొమ్మకో దారం చొప్పున పై తీగ నుంచి వేలాడదీస్తే చాలు. మొదటి చీలిక దగ్గర పుట్టే మొగ్గను తీసేసి, నాలుగు కొమ్మలు ఉంచితే కాయల సంఖ్య ఎక్కువ, రెండే ఉంచితే కాయ సైజు ఎక్కువ. పసుపు, ఎరుపు రంగు కాయలను పెద్ద సైజుకు కొనే గిరాకీ ఉంటే రెండు కొమ్మల పద్ధతి, మామూలు మార్కెట్‌కైతే నాలుగు. మేము నాలుగు ఉంచాము. ఒక జాగ్రత్త మాత్రం మన ప్రాంతానికే ప్రత్యేకం: గాలి ఆడాలని ఆకులు ఎక్కువగా దూస్తే, ఎండ నేరుగా కాయ భుజం మీద పడి తెల్లగా కాలిన మచ్చ వస్తుంది. బెంగళూరు వైపు చల్లటి వాతావరణంలో తీసిన వీడియోలు చూసి ఆకులు దూసినవారికి ఇక్కడ కాలిన కాయలే మిగులుతాయి. పగటి వేడి 32 డిగ్రీలు దాటితే క్యాప్సికంలో పూత రాలడం కూడా ఎక్కువవుతుంది గనుక వానాకాలం చివర నాటి చలికాలంలో కోత పట్టుకునేలా చూసుకోవాలి. ఎండాకాలంలో షేడ్‌నెట్ దించి ఎంత మలిచినా ఆ లోటు పూడదు.

ఇక దిగుబడి మాట. దారం, హుక్కులు వాడిన తర్వాత మాకు టన్నుల్లో పెరిగినదాని కంటే గ్రేడ్‌లో పెరిగింది ఎక్కువ. వేలాడే కాయ తిన్నగా దిగుతుంది, పొట్ట మీద పసుపు మచ్చ ఉండదు, మట్టి అంటదు. జాతీయ రహదారి మీదుగా బోయిన్‌పల్లి మార్కెట్‌కు తీసుకెళ్లినప్పుడు మొదటి రకం క్రేట్లు పెరిగి, వంకర కాయల క్రేట్లు తగ్గడమే చేతికొచ్చిన డబ్బులో తేడా తెచ్చింది. ఆకు అడుగు దాకా మందు చేరడం వల్ల నల్లి, తామర పురుగుల మీద పిచికారీ ఖర్చు కూడా తగ్గింది. కోత కూలీ చేతికి కాయ కళ్లెదుటే ఉండటంతో కోత త్వరగా తెమిలింది. ఇవన్నీ నిజమైన లాభాలే. కానీ వారానికి కనీసం ఒకసారి ప్రతి మొక్క దగ్గరకు మనిషి వెళ్లకపోతే వీటిలో ఏదీ దక్కదు. రెండు వారాలు పని వాయిదా వేసిన వరుసలో పక్క కొమ్మలు బొటనవేలంత లావై, తీస్తే గాయం, ఉంచితే గుబురు అన్న పరిస్థితికి వస్తాయి. పెళ్లిళ్ల సీజన్లోనో, వరి నాట్లప్పుడో కూలీ దొరకని ఊళ్లవారు సెట్టు కొనేముందు ఆ మనుషులను చూసుకోవాలి.

కొనబోయేవారికి కొన్ని మాటలు. సెట్టుగా కాక విడివిడిగా ధర అడగండి. అడిగితే ఇస్తారు, అడగకపోతే క్లిప్పులు కుప్పగా అంటగడతారు. బిగింపు కూలీ, స్తంభాలు, టర్న్‌బకిళ్లు ఎవరి లెక్కలోకి వస్తాయో కొటేషన్‌లోనే రాయించుకోండి. శిక్షణ కోసం దుకాణం మీద ఆధారపడనవసరం లేదు. నల్లగొండ వారికి కంపాసాగర్, సూర్యాపేట వైపు వారికి గడ్డిపల్లి, నాగర్‌కర్నూల్ వారికి పాలెం, వనపర్తి వారికి మదనాపురం కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. మోజెర్లలో ఉద్యాన కళాశాల ఉంది. కొమ్మ ఎక్కడ తీయాలో మొక్క మీదే చూపించగలిగినవారు అక్కడ దొరుకుతారు. పందిరి మీద బీర, కాకర, సొర వేసే రైతులు మాత్రం ఈ హుక్కుల జోలికి పోనవసరం లేదు, ఆ తీగలకు పందిరే హాయి.

ఒక చిక్కు ఇంకా తేలలేదు. పంట అయిపోయాక తీగలు పీకితే ప్రతి మొక్కకూ ప్లాస్టిక్ దారం చుట్టుకునే ఉంటుంది. అలాగే కంపోస్టు గుంతలో వేస్తే ఎరువంతా దారపు చిక్కు, పశువుల ముందు వేస్తే కడుపులోకి పోతుంది, కాలిస్తే పొగ. విడదీయించాలంటే దానికే రెండు రోజుల కూలీ. జనపనార దారం వాడితే ఈ బాధ ఉండదు, మొక్కతో పాటే కుళ్లిపోతుంది, కానీ డ్రిప్పు తడి తగిలే అడుగున పంట మధ్యలోనే పుచ్చి తెగుతుందని అది వాడిన పక్క ఊరి రైతు చెప్పాడు. వచ్చే కీరలో నాలుగు వరుసలకు కింది భాగాన రెండు అడుగుల మేర ప్లాస్టిక్ దారం, పైన జనపనార ముడివేసి చూస్తున్నాము. కాండాన్ని దించే కొద్దీ పైనున్న జనపనార కూడా అడుగు తడి దాకా వచ్చి పుచ్చుతుందా, లేక పంట అయ్యేదాకా నిలుస్తుందా అన్నది చూడాలి.